మా ఫాదరు గారి బదిలీ

నా చిన్నప్పుడు మా విచారణ గురువు, అంటే మా గుడి ఫాదరు గారికి బదిలీ అయిందని విన్న రోజు వచ్చినంత కోపం నాకు మళ్లీ ఎన్నడూ రాలేదు.

చోడవరం చుట్టుపక్కల చెరకు పల్లెల్లో మా క్రైస్తవుల ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి ఉండేవి. అన్నిటికీ కలిపి ఒకే గుడి, ఒకే ఫాదరు గారు. పాత మోటారు సైకిలు మీద దేవరాపల్లి దాకా తిరిగి జ్ఞానస్నానాలిచ్చేవారు, పెళ్లిళ్లు చేసేవారు, పోయినవాళ్లని సాగనంపేవారు. మా అమ్మ పోయినప్పుడు వానలో తడుస్తూ వచ్చిందీ ఆయనే. ఆ వేసవంతా కూర్చోబెట్టుకుని నన్ను తొలి సత్ప్రసాదానికి, అంటే పూజలో ప్రభువు శరీరంగా ఇచ్చే అప్పం మొదటిసారి అందుకోవడానికి, సిద్ధం చేసిందీ ఆయనే. మా మామ్మ తెల్లగౌను కూడా కుట్టించింది. తీరా సత్ప్రసాదం అందుకునే ఆదివారం దగ్గరపడ్డాక, ఆయన్ని ఎక్కడో కొండల అవతలికి పంపేస్తున్నారని కబురొచ్చింది.

పెద్దలు బస్సెక్కి విశాఖపట్నం వెళ్లి, బిషప్ గారిని బతిమాలి, ఉత్తచేతులతో తిరిగొచ్చారు. ఫాదరు గారు మాత్రం మారుమాట లేకుండా పెట్టె సర్దుకుంటున్నారు. అది చూసి నాకు మరీ ఒళ్లు మండింది.

“ఎల్లనని సెప్పీలేరా?” అని అడిగేశాను.

“కుదరదే గుంటా. నేనిక్కడ నా అంతట నేను నిలబడలేదు. ప్రభువుకి బదులు నిలబడ్డాను. రేపు ఇంకొకరు నిలబడతారు.”

నాకేమీ బోధపడలేదు. కొత్తాయన చేతి సత్ప్రసాదం నాకొద్దని అరిచి వచ్చేశాను.

శనివారం సాయంత్రం కొత్త ఫాదరు గారు దిగారు. మీసాలైనా దట్టపడని కుర్రాయన. నాలుగు మాటలు చెప్పేసరికే తడబడ్డారు. మర్నాటి సత్ప్రసాదానికి ముందు పిల్లలమంతా ఒకరి తర్వాత ఒకరు వెళ్లి ఆయన దగ్గర పాపాలు ఒప్పుకోవాలి. నేను స్తంభం పట్టుకుని కదలలేదు.

“లెగే! అందరూ సూస్తన్నారు,” అని మామ్మ రెక్క పట్టుకు లాగింది.

అప్పుడు మా ఫాదరు గారు వచ్చారు. నాకు నచ్చజెప్పలేదు, కోప్పడలేదు. నన్ను దాటుకుని వెళ్లి, ఆ కుర్రాయన కుర్చీ పక్కన మోకరించారు. తలవంచి చాలాసేపు ఏదో మెల్లగా చెప్పుకున్నారు. ఆయనకీ చెప్పుకోవలసిన తప్పులుంటాయని నాకు అప్పటిదాకా తోచనే లేదు. కొత్తాయన ముఖమంతా చెమట. చెయ్యెత్తి దీవించారు. మా ఫాదరు గారు కళ్లు తుడుచుకుంటూ లేచి, “ఇప్పుడు నువ్వెళ్లమ్మా,” అన్నారు.

వెళ్లాను. కోపం తగ్గి కాదు. ఆయన మోకరించిన చోట నేను మొండికెయ్యడానికి సిగ్గేసింది. మర్నాడు నేను సత్ప్రసాదం అందుకునేసరికే ఆయన తొలి బస్సుకి వెళ్లిపోయారు. కాసేపు ఆగితే ఏం పోయేదని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత ఎందరో ఫాదర్లు వచ్చారు, వెళ్లారు. ఒకరికి అలవాటు పడేలోగా ఇంకొకరు. ఆ పద్ధతి మీద నా కోపం అలాగే ఉంది. ఇప్పుడున్నాయన పూజకి ఆలస్యంగా వస్తారు, ప్రసంగం ఎంతకీ ముగించరు. “ఈయనకేటీ రాదు నానమ్మా,” అంటుంది మా మనవరాలు. నాకూ విసుగే. అయినా శనివారం వెళ్లి ఆయన పక్కనే మోకరించి నా తప్పులు చెప్పుకుంటాను. నా మోకాళ్లు సహకరించవు. లేచేటప్పుడు ఆయనే చెయ్యందిస్తారు.