ఖాదర్ సాహెబు వంచిన రోడ్డు

పక్కింట్లో గోడలకు సున్నం కొడుతున్నారు. ఆ తడి వాసన కిటికీలోంచి రాగానే ఖాదర్ సాహెబు గుర్తొచ్చారు. ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊరంతా డేరాలు, సగం లేచిన గోడలు. ఆయన కట్టడం పనులు చూసే ఓవర్సీయరు, నేను ఆయన కింద ప్లాన్లు గీసే ఉద్యోగిని. ఆయన చొక్కా మీద సున్నపు మరకలు లేని రోజు నేను చూడలేదు.

బస్టాండు దగ్గర కూరగాయలమ్మే ఆడవాళ్లను ఊరి చివర షెడ్డుకు పంపి, వాళ్లు కూర్చునే చోట రోడ్డు తిన్నగా వేయమని ఆర్డరు వచ్చింది. ఒక్క పూటలో స్కేలు పెట్టి గీసిచ్చాను. ఆయన మెచ్చుకోలేదు, తప్పుపట్టలేదు. మరునాడు పొద్దున్నే నన్ను బస్టాండుకు తీసుకెళ్లి, ఆ ఆడవాళ్ల పక్కన గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. మూడు రోజులు కూర్చున్నాం. ఎవరు ఎటునుంచి వస్తున్నారో, బరువు ఎక్కడ దించుతున్నారో చూడమన్నారు. ఆలూరు బస్సులో గంపలతో వచ్చే మద్దమ్మను కొత్త షెడ్డు గురించి అడిగారు.

“షెడ్డు శానా బాగుండాది సారూ. బస్సు దిగినోళ్లు ఈడ కొంటారు. ఆడికి ఎవరొస్తారు?” అందామె.

ఆ సాయంత్రం నా గీత నాచేతే చెరిపించారు. కొత్త ప్లానులో రోడ్డు కాస్త వంగింది. పక్కన గంపలు పెట్టుకోవడానికి కడప బండల అరుగు, పైన రేకులు, చివర ఒక కొళాయి వచ్చాయి. మునిసిపల్ సభ్యులు ఆ ప్లానునే ఒప్పుకున్నారు. మా పై ఇంజనీరుకు మాత్రం కోపమొచ్చింది. ఎవరు గీశారని అడిగాడు. నేను కాగితాలు చుట్టుకుంటూ వెనక్కి జరిగాను.

“నేనే సార్,” అన్నారు ఖాదర్ సాహెబు. “రోడ్డు నేరుగా ఉంటే కాగితానికి అందం. ఊరికి పనికి రావాల గదా.”

వారం తిరగకుండా ఆయనకు రాయచోటికి బదిలీ అయింది. నేను వెనక్కి జరిగిన సంగతి ఎత్తనే లేదు. బస్సెక్కుతూ, “బండలు పరిచేది ఆపొద్దప్పా,” అన్నారు, అంతే.

మరునాడే ఇంజనీరు పిలిచి పని ఆపమన్నాడు. ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడిగాను. సభ్యులు ఒప్పుకున్న పని కాబట్టి ఇంజనీరు రాసివ్వలేదు. నేను ఆపలేదు. చివరి బండ పడేదాకా ఎండలో అక్కడే నిలబడ్డాను.

తరువాత ఎన్నో ఊళ్లకు ప్లాన్లు గీశాను. పైవాళ్లతో వాదించి చాలాసార్లు ఓడిపోయాను. అక్కడ బతికేవాళ్లను అడగకుండా మాత్రం ఒక్క గీతా గీయలేదు.