ఏడు కాళ్ళ సాలీడు

సెప్టెంబరు వచ్చిందంటే ఇంగ్లండులోని మా గార్నెట్ వీధిలో ఈనిడ్ సగ్డెన్‌కి కాలు ఒకచోట నిలవదు. వేసవంతా గోడ పగుళ్ళలో, సోఫాల వెనక తలదాచుకున్న మగ సాలీళ్ళు ఆ నెలలోనే ఆడతోడు వెతుక్కుంటూ బయలుదేరతాయి. కాళ్ళు చాపితే ఒక్కొక్కటీ టీ సాసరంత ఉంటుంది. సాయంత్రం వార్తల వేళకి ఎవరింట్లోనో ఒకటి తివాచీ మీదుగా పరుగు తీస్తుంది. ఆ ఇంట్లోవాళ్ళు కుర్చీలెక్కుతారు. ఆ వెంటనే ఈనిడ్ ఇంట్లో ఫోను మోగుతుంది.

ఆవిడకి డెబ్భై ఒకటో ఏడు. బడి వంటశాలలో ముప్ఫై ఏళ్ళపాటు రోజూ మూడొందల మంది పిల్లలకి బంగాళాదుంపలు మెదిపి పెట్టింది. మనిషి పొట్టి, గొంతు గట్టి. ఎవరింట్లో కర్టెన్లు మాసినా, ఎవరి టీ పల్చగా ఉన్నా మొహం మీదే అనేస్తుంది. అయినా ఆవిడ మీద ఎవరికీ కోపం నిలవదు. అంత నోరున్న మనిషి సాలీడు దగ్గరికొచ్చేసరికి ఎంత మెత్తబడిపోతుందో మేమంతా చూశాం.

ఆవిడ సరంజామా రెండే వస్తువులు. ఒకటి, చనిపోయిన భర్త సిరిల్ బీరు గ్లాసు. రెండోది, స్కార్‌బరోలో ఉండే చెల్లెలు మార్జరీ నెలనెలా పంపే సముద్రం బొమ్మ పోస్టుకార్డు. గ్లాసుని సాలీడు కాలు నలగకుండా మెల్లగా బోర్లించాలి. కార్డు అంచు కిందకి తోసి, సాలీడు తనంతట తాను దాని మీదకి ఎక్కేదాకా ఆగాలి. "తొందరేం లేదు నాన్నా, ఎక్కు" అని బుజ్జగిస్తుంది. మెట్ల మీద నుంచి ఇంటివాళ్ళు "పట్టేశారా?" అని అడిగితే వాళ్ళని మాత్రం కసురుకుంటుంది.

చంపితే ఊరుకోదు. ఎదురింటి డిల్లిస్ ఒకసారి చెప్పు తీసిందని వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ డిల్లిసే సాలీళ్ళు రాకుండా ఉండాలని కిటికీ గట్టు మీద చెస్ట్‌నట్ కాయలు వరసగా పేర్చింది. ఆ వాసనకి అవి పారిపోతాయని మావాళ్ళ నమ్మకం. మూడో రోజు పొద్దున్న చూస్తే, అన్నిటికన్నా పెద్ద కాయ మీద దర్జాగా ఒకటి కూర్చుని ఉంది.

ఇక్కడ మా వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. పని లేకుండా మేం ఒకరి తలుపు ఒకరం తట్టం. నిచ్చెన అరువడగాలి, లేదా పొరపాటున మనింట్లో వేసిన ఉత్తరం అందించాలి. చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఊరికే వచ్చానంటే ఎవరో పోయారనుకుని మొహాలు పాలిపోతాయి. సిరిల్ పోయాక ఈనిడ్‌కి ఇంకొకరి గడప దాటడానికి ఆ గ్లాసే ఆధారం. సాలీడుని బయట పెట్టాక ఇంటివాళ్ళు టీ ఇస్తారు, అరగంట కూర్చోవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు అలా గడిచిపోతాయి. నవంబరు నుంచి మళ్ళీ ఆవిడకి టీవీతోనే మాటలు.

అందరికన్నా ఎక్కువ సార్లు ఫోను చేసేది పదిహేడో నంబరు ఇంటి విల్ఫ్రెడ్ హోల్రాయిడ్. ఆయనా ఒంటరివాడే. ఆరడుగుల పైమాటే మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు ఈ కొండదారుల్లో, మంచులో బస్సు నడిపాడు. సాలీడు కనిపిస్తే మాత్రం ఆయన పై ప్రాణాలు పైనే పోతాయి. దాని పేరు కూడా నోటితో అనలేడు. "సగ్డెన్ గారూ, అది వచ్చిందండీ" అంటాడు ఫోనులో. పదకొండేళ్ళుగా అదే మాట, అదే 'గారు'. ఆవిడ లోపల పని చేస్తున్నంతసేపూ వాన కురుస్తున్నా సరే వీధిగుమ్మం బయటే నిలబడతాడు.

పట్టిన సాలీడుని ఈనిడ్ ఆయన పెరట్లో ఒకప్పుడు బొగ్గు నిలవచేసిన పాత కొట్టుగదిలోనే వదులుతుంది. ఇంట్లో పుట్టిన ప్రాణి ఆరుబయట చలికి బతకదని ఆవిడ బాధ. ఆవిడ పెరట్లోకి వెళ్ళాక లోపలికొచ్చి ఇదంతా వంటింటి కిటికీలోంచి చూస్తాడు గనక విల్ఫ్రెడ్ పదకొండేళ్ళుగా ఆ కొట్టు తలుపు ముట్టుకోలేదు. ఆయన సైకిలు అందులోనే తుప్పు పడుతోంది. బయటికి తెచ్చిపెట్టనా అని ఒకసారి ఈనిడ్ అడిగింది. వద్దులెండి, అదిప్పుడు వాటిదే అన్నాడాయన. తర్వాత టీ, పళ్ళ కేకు ముక్క, మావైపు అలవాటు ప్రకారం దాని పక్కన చీజ్ ముక్క పెట్టాడు. ఆ కేకు ఆయనే చేస్తాడు. ఈనిడ్ వంక పెట్టకుండా తినే కేకు మా వీధిలో అదొక్కటే.

ఈ ఏడు సెప్టెంబరులో మార్జరీ కార్డులో మామూలు కబుర్లు లేవు. తన పక్క వాటా ఖాళీ అయిందట, కిటికీ తెరిస్తే సముద్రమేనట, అక్కడికి వచ్చి ఉండిపోతుందో లేదో ఆదివారంలోగా చెప్పాలట. ఈనిడ్ ఆ కార్డు పట్టుకుని వీధంతా చెప్పుకొచ్చింది. ఎవరో ఒకరు వెళ్ళొద్దంటారని ఆశ. చెప్పిన ప్రతి ఇంట్లోనూ వెంటనే వచ్చిన మాట ఒకటే.

"అయ్యో, మరి మా ఇంట్లో సాలెపురుగుల్ని ఎవరు పడతారు?" అంది డిల్లిస్. మిగతావాళ్ళూ అదే అన్నారు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేనూ అదే అన్నాను.

ఈనిడ్‌కి మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళూ వీళ్ళకి కావలసింది గ్లాసేనా, గ్లాసు పట్టుకున్న మనిషి కాదా అనుకుంది. సాలీళ్ళ ఊసెత్తకుండా ఒక్కరు ఉండమంటే ఉండిపోదామని, లేకపోతే ఆదివారం మార్జరీకి సరేనని చెప్పేద్దామని అక్కడికక్కడే తేల్చుకుంది.

మంగళవారం విల్ఫ్రెడ్ ఫోను చేశాడు. స్నానాల తొట్టిలో పడి, జారుడు గోడ ఎక్కలేక తంటాలు పడుతోంది ఒక పెద్ద సాలీడు. దానికి ఎడమవైపు రెండో కాలు లేదు. కుంటివాడివి నాన్నా నువ్వు అంటూ జాగ్రత్తగా పట్టి కొట్టులో వదిలింది. టీ తాగుతూ స్కార్‌బరో సంగతి చెప్పింది. ఆయన చక్కెర వేసుకోని మనిషి, అయినా చాలాసేపు కప్పులో చెంచా తిప్పాడు.

చివరికి, "అక్కడ గాలి మంచిదంటారు" అన్నాడు.

ఈనిడ్‌కి ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి గ్లాసు కడుగుతూ ఆ గాలిని, ఆ కేకుని, పదకొండేళ్ళ 'గారు'ని కలిపి తిట్టింది. మిగతావాళ్ళు ఉండమని అననందుకు బాధపడింది గానీ, ఈయన అననందుకు ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం పింగాణీ కప్పుల్ని పాత పేపర్లలో చుడుతుంటే ఫోను మోగింది. "సగ్డెన్ గారూ, అది వచ్చిందండీ." ఇదే ఆఖరిసారి అనుకుని, గ్లాసు, కార్డు తీసుకుని బయలుదేరింది.

విల్ఫ్రెడ్ గుమ్మం బయట లేడు. లోపలి నుంచి తలుపు తీశాడు. ఆవిడ వెనకే ముందుగదిలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు కూడా. ఈనిడ్‌కి ఆశ్చర్యమేసింది. చలి కాచుకునే పొయ్యి ముందు తివాచీ మీద సాలీడు కదలకుండా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని గ్లాసు బోర్లించింది. కార్డు తోయబోతూ కాళ్ళు చూసింది. ఏడే ఉన్నాయి. ఎడమవైపు రెండోది లేదు.

కొట్టులోంచి తనే నడిచొచ్చిందేమో అనుకుంటూ తలెత్తింది. తెరిచి ఉన్న తలుపు అవతల, వంటింటి కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. కొట్టు తలుపు బార్లా తెరిచి ఉంది. గోడకి ఆనించి తుప్పు పట్టిన సైకిలు ఉంది. సింకు పక్కన ఒక జామ్ సీసా, బొగ్గు మసి అంటిన బస్సు టైం టేబుల్ అట్ట ఉన్నాయి. ఆవిడ మెల్లగా విల్ఫ్రెడ్ వైపు తిరిగింది. ఆయన స్వెట్టర్ భుజం నిండా బూజు. మోచేతుల దాకా మసి.

"హోల్రాయిడ్ గారూ, దీన్ని మంగళవారం నేనే కొట్టులో వదిలాను" అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టాడట. రెండు సార్లు బయటికి పరిగెత్తుకొచ్చాడట, ఒకసారి వాంతి కూడా అయిందట. రెండింటికి దొరికిందట. ఇదంతా నేల చూస్తూ, బస్సు ఎందుకు ఆలస్యమైందో పై అధికారికి చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

"పట్టినవాళ్ళు పట్టినట్టే ఉంచక మళ్ళీ తివాచీ మీద వదలడమెందుకండీ?"

"మిమ్మల్ని పిలవడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

"మరి భయం?"

"ఎక్కడికి పోతుందండీ. ఇప్పుడూ అలాగే ఉంది." ఆయన భుజం మీది బూజు దులుపుకున్నాడు. "మంగళవారమే అందామనుకున్నాను. కానీ వెళ్ళొద్దంటే, నా సాలెపురుగుల కోసం ఉండమంటున్నానని మీరనుకుంటారు. అందరూ అదే అన్నారట కదా. అందుకని ముందు పట్టడం నేర్చుకున్నాను. ఇక వాటికి మీరు అక్కర్లేదు, ఈనిడ్. అయినా మీరుండాలి."

పదకొండేళ్ళలో ఆయన ఆవిడని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఈనిడ్‌కి కళ్ళు నిండిపోయాయి. ఇంత నోరున్న మనిషికి అప్పుడు దొరికింది తిట్టు ఒక్కటే. ఈ వయసులో బొగ్గు కొట్టులో జారి నడుం విరిగితే ఏం చేసేవారండీ, బుద్ధి ఉందా అని కేకలేసింది. తర్వాత కార్డు తోసి, గ్లాసు ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. విల్ఫ్రెడ్ రెండు చేతులూ బారగా చాపి, ఊపిరి బిగబట్టి దాన్ని కొట్టుదాకా మోశాడు. ముందు నడిచి తలుపులన్నీ ఆవిడే తెరిచింది.

ఆదివారం పొద్దున్న మార్జరీకి ఫోను చేసి రానని చెప్పింది. మార్జరీ ఒక అరగంట అరిచి, చివరికి అసలు సంగతి రాబట్టింది. ఆ తర్వాత ఈనిడ్ మంచి కోటు వేసుకుని వీధిలోకి వచ్చింది. గ్లాసు లేదు, కార్డు లేదు, కనీసం సంచీ అయినా లేదు. డిల్లిస్, నేను, ఇంకా సగం వీధి కర్టెన్ల వెనక నిలబడి చూస్తూనే ఉన్నాం. ఆవిడ నేరుగా పదిహేడో నంబరుకి వెళ్ళి తలుపు తట్టింది.

తలుపు తీసిన విల్ఫ్రెడ్ ముందు ఆవిడ మొహం చూశాడు, తర్వాత ఖాళీ చేతులు చూశాడు. మొహం పాలిపోయింది.

"ఏమైంది? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు" అంది ఈనిడ్. "ఊరికే వచ్చాను."