కాగితం మీద కట్టిన బడి ఫీజు

రైల్వే అకౌంట్స్ ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. అప్పటినుంచి సుభాష్‌పల్లిలోని మా ఇంటి వరండా ఏటా జులై నెలలో ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసుగా మారిపోతుంది. వర్క్‌షాపులో పనిచేసే మన తెలుగువాళ్లూ, గోల్‌బజార్‌లో కొట్లున్న మనవాళ్లూ రిటర్ను నా చేతే నింపిస్తారు. నేను పైసా పుచ్చుకోను. ఆ సంగతి పదిమందికీ నేనే చెప్పుకుంటాను.

నా పద్ధతి ఒకటే. నిరుటి ఫారం తెరిచి, ఆదాయం మార్చి, మిగతాది ఉన్నదున్నట్టు దింపేయడం. మనవాళ్లకీ అదే ఇష్టం. "నిరుడు రాసినట్టే రాసీండి బాబాయ్" అంటారు, ఫోనుకొచ్చిన ఓటీపీ చదువుతారు, ఫోను పెట్టేస్తారు. ముప్ఫై రెండేళ్లు ఆఫీసు నాకు నేర్పిన విద్య కూడా అదే.

అలా వచ్చేవాళ్లలో గోల్‌బజార్‌లో రెడీమేడ్ బట్టల కొట్టున్న ఒకాయన ఉన్నాడు. భార్యనీ కూతుర్నీ వదిలేసి మూడేళ్లయింది. ఆవిడ హిజ్లీ కాలేజీ క్యాంపస్ దగ్గర ఒక మెస్‌లో వంట చేసి పిల్లని చదివించుకుంటోంది. పిల్లకి నెలనెలా భరణం ఇప్పించమని ఆవిడ కోర్టుకెళ్తే, ఈయన చిరిగిన చొక్కా వేసుకుని కోర్టు మెట్లెక్కాడు. బట్టల కొట్టువాడికి చిరిగిన చొక్కా ఎక్కడ దొరికిందో నాకిప్పటికీ అంతుపట్టదు. కొట్టు తన అన్నదనీ, తాను కూలికి కూర్చుంటున్నాననీ, పూట గడవడమే కష్టంగా ఉందనీ చెప్పాడట.

అదే నెలలో అదే మనిషి మా వరండాలో కూర్చుని, "బాబాయ్, ఈ ఏడు కూడా ఆదాయం గట్టిగా సూపించండి. కారు లోనుకి బేంకోడు మూడేళ్ల రిటర్నులు అడుగుతున్నాడు" అన్నాడు. చూపించాను. అబద్ధమేమీ కాదు, కొట్టు నిజంగానే బాగా నడుస్తోంది. కోర్టులో ఏం చెప్పాడో అప్పటికి నాకు తెలీదు.

ఆవిడ వచ్చి చెప్పాక తెలిసింది. "ఫీజు కట్టకపోతే బడిలో పేరు తీసేస్తామంటన్నారు బాబాయ్. ఆడికి సంపాదన నేదంటే జడ్జిగారు నమ్మేసేలాగున్నారు. నానేటి సెయ్యాల?"

ఒళ్లు మండింది. కానీ ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పకూడదని నాకో నియమం. "నేనేటీ చెప్పకూడదమ్మా. మీ బెంగాలీ ప్లీడరు దాదాతో చెప్పు, అతని రిటర్నులు తెప్పించమని కోర్టుని అడగమను" అన్నాను. నియమం నిలబడింది, ఆవిడకి దారీ దొరికింది. ఆ పూటంతా నా తెలివికి నేనే మురిసిపోయాను.

రిటర్నులు కోర్టుకి వచ్చాయి. వాటితోపాటు నేను తయారుచేసిన లెక్క కాగితాలూ వచ్చాయి. వాటిలో ఆదాయం ఉంది. దాని కింద, పన్ను రాయితీ కోసం, కూతురి బడి ఫీజు కట్టినట్టు మూడేళ్లూ ఒకే అంకె ఉంది. వాళ్లు కలిసున్నప్పటి అంకె అది. వాళ్లు విడిపోయారని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా నా చెయ్యి దానంతట అది దింపుకుంటూ పోయింది.

ఈ ఫీజు నువ్వు కట్టావా అని జడ్జిగారు అడిగారట. కట్టానంటే రసీదు చూపించాలి, రసీదులేమో ఆవిడ సంచిలో ఉన్నాయి. కట్టలేదంటే దొంగ రాయితీ అవుతుంది. నేను రాయలేదండీ, బాబాయ్ రాసేశారు అన్నాడట. ఆ కోర్టులో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం, అదీ నా మీదే. ఓటీపీ నీ ఫోనుకే కదా వచ్చింది అన్నారట జడ్జిగారు. భరణం ఖాయమైంది, పాత బకాయితో సహా.

నాకు మాత్రం సంతోషం పూర్తిగా దక్కలేదు. నిజంగా ఫీజు కట్టిన ఆవిడకి పన్ను పడేంత ఆదాయమే లేదు, కాబట్టి రాయితీ లేదు. కట్టనివాడికి మూడేళ్లు రాయితీ ఇప్పించాను, అదీ ఉచితంగా.

ఆ ఆదివారం ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని, సందేశ్ మిఠాయి డబ్బాతో వచ్చింది. పిల్లకి పదేళ్లుంటాయి. డబ్బా పట్టుకుని తిన్నగా నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"తాతయ్యా, అమ్మ నేదంటంది. కోర్టు కాగితంలో ఉందంట కదా, మా నాన్న నా ఫీజు కట్టినాడని?"

దాని ముఖం వెలిగిపోతోంది. వాళ్లమ్మ తల అటు తిప్పుకుంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పకూడదన్న నియమం ఆ రోజుతో సరి.

"నేదమ్మా. మీ నాన్న కట్టనేదు. నేనే అలా రాసినాను."

"మూడేళ్లూనా?"

"మూడేళ్లూ."

పిల్ల డబ్బా నా ముందు పెట్టి, వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చుంది.