పెండ్లికొడుకు లేని బరాత్

మల్లేశయ్య ఊరేగింపు లేకుండా రోడ్డు దాటడు.

ఇబ్రహీంపట్నంలో ఈ సంగతి అందరికీ తెలుసు. కిరాణా దుకాణం కొడుక్కి అప్పగించాక ఆయన చేస్తున్న ఉద్యోగం ఇదొక్కటే. దూరంగా డప్పు వినిపిస్తే చాలు, భుజం మీది ఎర్ర తువ్వాలు చేతికొస్తుంది. బరాత్ ముందు చేరి, వెనక్కి వెనక్కి నడుస్తూ దారి చూపిస్తాడు. పెండ్లికొడుకు ఎవరో తెలియదు. పిలుపు ఉండదు. మగపెండ్లివారు ఆయన్ని ఆడపెండ్లివారి మనిషనుకుంటారు. ఆడపెండ్లివారు మగపెండ్లివారి మనిషనుకుంటారు. ఇద్దరూ భోజనం పెడతారు.

అంతవరకైతే కృపారాణికి అభ్యంతరం లేదు. ఆమె సాగర్ రోడ్డు పక్కనున్న ప్రైమరీ బడి హెడ్మిస్ట్రెస్. ఏ ఊరేగింపైనా మల్లేశయ్య చేతిలో పడితే సరిగ్గా ఆమె బడి ముందే ఆగుతుంది. అదే ఆమె తలనొప్పి.

"ఆగుండ్రి! గుర్రానికి దూపైతున్నది, నీళ్లు తాగనియ్యిండ్రి."

"గుర్రమేడిది తాతా? కారు గదా?"

"కారుకే దూపైతున్నది. ఆపు."

కృపారాణి గేటు దగ్గరికి వచ్చి అరిచేది.

"బడి ముందట ఈ డప్పులేంది బాపూ? పిల్లలు సదువుకోవద్దా?"

"ఇడిసిపెట్టే గంట కొట్టే యాళ్లాయె. ఇంకేం సదువు టీచరమ్మా?"

ఊళ్లో జానయ్య చనిపోతే, ఆ అంతిమయాత్రను కూడా మల్లేశయ్య వదల్లేదు. శ్మశానం దగ్గర పాడె దించి, చచ్చిపోయినవాణ్ని చెవిలో పేరు పెట్టి పిలవడం ఆచారం. దింపుడు కళ్లం అంటారు. మల్లేశయ్య ఆ పాడెను బడి ముందే దింపించాడు.

"ఇంకా మస్తు దూరముంది గదనే," అన్నాడు జానయ్య కొడుకు ఎల్లేశ్.

"మీ నాయినకు బడంటే పాణం. ఈడ పిలిస్తె పలుకుతడేమో."

"మా నాయిన బడి మొఖమే సూడలే!"

"అందుకే. ఒక్కసారన్న సూడనియ్యి."

ఎల్లేశ్ వంగి, చెవిలో పిలిచాడు. జానయ్య పలకలేదు. రెండు వైపులా టిప్పర్లు మాత్రం ఇంజిన్లు ఆపి మర్యాదగా నిలబడ్డాయి. గంట మోగింది. పిల్లలు సంచులు ఊపుకుంటూ దాటిపోయారు.

ఇక కృపారాణి సంగతి. ఆమె చదువుకున్న మనిషి కాబట్టి అర్జీలు పెట్టింది. పిల్లలు నడిచే దారి బాగు చేయమంది. పెద్దలు వెంటనే స్పందించారు, అంటే ఆమె జుట్టు నెరవక ముందే. 'ముందు పాఠశాల ఉంది, నెమ్మదిగా వెళ్లండి' అని బోర్డు పెట్టారు. దాని మీద ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ వెలిసింది. ఆయన రెండు చేతులా దండం పెడుతుంటే, టిప్పర్లు ఆ దండం అందుకుని ఇంకా జోరుగా పోతున్నాయి. రోడ్డు దాటడానికి తెల్ల చారలు కూడా గీశారు, వైన్ షాపు ముందు. అడిగితే, అక్కడ దాటేవాళ్లకు తూలుడెక్కువ, ముందు వాళ్లని కాపాడాలి అన్నారు. ఆఖరికి కాలిబాట వేశారు. ఇప్పుడు దాని మీద బజ్జీల బండి, పాత టైర్లు, నిలిపిన బైకులు క్షేమంగా ఉన్నాయి. పిల్లలు రోడ్డు మీద నడుస్తారు.

ఆషాఢం వచ్చింది.

పెండ్లిళ్లు ఆగిపోయాయి. ఫంక్షన్ హాళ్లకు తాళాలు పడ్డాయి. బోనాలున్నాయి గానీ అవి ఆదివారాలు. ఆదివారం బడి ఉండదు.

మొదటి రోజే బడి విడిచాక పిల్లలు రోడ్డు అంచున గుంపుగా ఇరుక్కుపోయారు. రెండో తరగతి సంతోషి ఒక అడుగు వేసింది. టిప్పర్ హారన్‌కు అదిరిపడి వెనక్కి ఉరికింది. చేతిలోని టిఫిన్ డబ్బా జారిపడి, చక్రం కింద అప్పచ్చిలా అయింది.

మరునాడు పొద్దున తల్లి వనిత ఆ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

"నిన్న డబ్బా వోయింది. రేపు పిల్ల వోతే ఎవల్నడగాలె మేడం? టీసీ ఇయ్యిండ్రి. యాచారంల మా అమ్మకాడ ఉంచి సదివిపిస్త."

"ఇన్నొద్దులు మంచిగనే దాటిండ్రు గదమ్మా?"

"ఇన్నొద్దులు మల్లేశం తాత పెండ్లిళ్లు ఆపుతుండె. మీకెర్క లేదా? మా వాడకట్టు అమ్మలందరికీ ఎర్కే."

కృపారాణి డబ్బాను చేతిలోకి తీసుకుంది. గుర్రం దూప, జానయ్య చదువు, అన్నీ ఆమెకు గంట మోతతో కలిసి వినిపించాయి.

"ఒక్క ఇయ్యాల ఆగు వనితా. బడి ఇడిసేటప్పుడు రా," అని దుకాణానికి వెళ్లింది. మల్లేశయ్య పప్పు బస్తా మీద ఒడిలో తువ్వాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"బాపూ, పిల్లల కోసమే ఆపుతున్ననని నాకొక్క మాట చెప్తే ఏమాయె?"

"చెప్తే నువ్వు దానికో అర్జీ పెడుదువు."

ఆమె ఆ చురకను మింగింది.

"సరే. ఒక్కనివి దాటవెందుకు మరి?"

"భయం టీచరమ్మా. ముసలోన్ని, నాకే గింత భయమైతే పోరగాండ్లకు గాదా?"

"ఆషాఢంల బరాత్ తీస్తే దోషమా?"

మల్లేశయ్య కళ్లు మెరిశాయి. "దోషం పెండ్లికి. బరాత్‌కు ఏం దోషం?"

సాయంత్రం బడి గంటతో పాటు డప్పు మోగింది. ఆషాఢంలో పని లేక కూర్చున్న డప్పులాయన జంగా రెట్టింపు హుషారుగా వాయిస్తున్నాడు. ముందు మల్లేశయ్య, వెనక్కి నడుస్తూ. ఆయనకు ఎదురుగా పూలదండ చుట్టిన గొడుగు కింద సంతోషి. తర్వాత బడంతా. టిప్పర్లు ఆగాయి. పిల్లలు నడిచి వస్తే ఆగని బండ్లు, నలుగురు ఎగురుతూ వస్తే ఆగుతాయి. అది ఆ రోడ్డు సంస్కారం.

ఒక డ్రైవర్ తల బయటపెట్టాడు. "ఆషాఢంల పెండ్లేందే? పెండ్లికొడుకేడి?"

"దేవులాడుతున్నం. దొరికేదాంక ఇంజిన్ బంద్ చెయ్యి," అన్నాడు మల్లేశయ్య.

పిల్లలు దాటి ఇండ్లకు ఉరికారు. అవతలి గట్టున నిలబడి చూసిన వనిత కూతురి చెయ్యి పట్టుకుంది. "టీసీ ఉండనియ్యిండ్రి మేడం," అని కేకేసి, "శ్రావణం దాంక సూద్దం," అంది.

జంగా కూడా చాయ్‌కి పోయాడు. అవతలి గట్టున మల్లేశయ్య, పిల్లలు వదిలిపోయిన గొడుగు మిగిలారు. ఆయన దుకాణం ఇవతల, బడి వైపు ఉంది. బండ్లు మళ్లీ కదిలాయి. ఆయన తువ్వాలు మడిచాడు, విప్పాడు, మడిచాడు.

కృపారాణి చూసింది. బడి గంట చేతిలోకి తీసుకుని, దాన్ని వరసా తాళం లేకుండా బాదుకుంటూ రోడ్డు మీదికి దిగింది. అవతలికి వెళ్లి, గొడుగుకు చుట్టిన దండ తీసి మల్లేశయ్య మెడలో వేసింది. ఆయన ముందు నిలబడి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఊరేగింపులో ముందుకు నడవడం మల్లేశయ్యకు అలవాటు లేదు. రెండుసార్లు తడబడ్డాడు.

వరసలోంచి ఇంకా బయటపడని ఆ డ్రైవరే మళ్లీ బ్రేకు వేశాడు. "మళ్లేమాయె మేడం?"

"దొరికిండు," అంది కృపారాణి. "తీస్కపోతున్నం."