కొలతమనిషి

ఫొటో చూసి ఆశపడి, రెండు బస్సులు మారి వెళ్లి, తీరా తన ఎత్తుకి రెట్టింపు కూడా లేని బురుజు ముందు నిలబడి ఉసూరుమనని యాత్రికుడు ఉండడు. తప్పు బురుజుది కాదు. రాయికి తనంతట తనకి సైజు లేదు. పక్కన ఒక మనిషి నిలబడితేనే అది పెద్దదో చిన్నదో తేలుతుంది. కొండల దగ్గరా అంతే, చెట్ల దగ్గరా అంతే. గొప్పవాళ్ల దగ్గర కూడా అంతేనని కొందరంటారు గాని, ఆ గొడవ ఇప్పుడెందుకు! పాతకాలపు ఫొటోగ్రాఫర్లు ఏ కట్టడాన్ని తీసినా దాని కింద ఎవరో ఒకర్ని నిలబెట్టేవారు. దారిన పోయే కూలీనో, బండివాడినో, లేదా నోరెత్తని చుట్టాన్నో. ఆ మనిషి పేరు ఎక్కడా ఉండదు. కొలత కోసం నిలబడ్డ మనిషి, అంతే.

కుట్టుమిషన్ల సందులో మూడో దుకాణం నడిపే దర్జీ ఆవిడ ఇరవయ్యారేళ్లపాటు ఆ పని చేసింది. తమ్ముడి కోసం చేసింది.

సందులో అందరూ ఆమెని టేపక్క అంటారు. మెళ్లో టేపు లేకుండా ఆమెని చూసినవాళ్లు లేరు. సినిమాకి వెళ్లినా టేపు మెళ్లోనే ఉండేది. మనిషి పొడుగు. వీపు సుద్దముక్కతో గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. ఆమెకి పంతొమ్మిదేళ్లప్పుడు, తమ్ముడికి పదకొండప్పుడు తల్లి పోయింది. తండ్రి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మిషను తొక్కి తమ్ముణ్ణి పెద్దచేసింది. పెళ్లి ప్రస్తావన వస్తే, "కొలతలు సరిపోలేదమ్మా" అని నవ్వేసేది.

తమ్ముడు మూతపడిన స్టూడియోలో పాత కెమెరా ఒకటి సంపాదించి, కొన్నాళ్లు పాస్‌పోర్టు ఫొటోలు తీసి, ఆ పని మొహం మొత్తి, ఊళ్లమీద పడ్డాడు. ఎప్పుడు చూసినా మూడు కాళ్ల స్టాండు భుజానేసుకుని తిరుగుతాడని సందువాళ్లు అతనికి ముక్కాలి అని పేరు పెట్టారు. అతని అభిరుచి మాత్రం వింత. ఏ ఊరెళ్లినా మూడే మూడు చోట్లు తీసేవాడు. ఒకటి శ్మశానం, రెండు పిల్లలాడుకునే వినోదాల పార్కు, మూడు ఆ ఊరి పాత బురుజో గడియారస్తంభమో.

"ఈ మూడూ ఒకటే అక్కా. జనం వస్తారు, పోతారు, ఎవరూ ఉండిపోరు" అన్నాడు ఒకసారి.

"శ్మశానంలో ఉండిపోక మన ఇంటికొస్తార్రా?" అంది ఆమె.

బడి యూనిఫారాల హడావిడి అయిపోయి, చలికోట్ల ఆర్డర్లు మొదలయ్యేలోపు కుట్టుపనికి ఇరవై రోజులు విరామం. ఆ ఇరవై రోజులూ దుకాణానికి తాళం వేసి తమ్ముడి వెంట వెళ్లేది. మొదటిసారి తప్పనిసరై వెళ్లింది. గాలికి స్టాండు పడిపోతోంది, పట్టుకునేవాళ్లు కావాలన్నాడు. గడియారస్తంభం దగ్గర, "అక్కా, ఆ మెట్ల మీద కాస్త నిలబడు, వీపు ఇటు పెట్టు" అన్నాడు. ఫొటో కడిగి చూస్తే, అంతవరకూ అగ్గిపెట్టెలా ఉన్న స్తంభం ఒక్కసారి ఆకాశమంత లేచింది. ఆ రోజు నుంచి ఆమె అతనికి కొలతమనిషి.

ఆ పని కోసమే ఆవపువ్వు రంగులో ఒక పొడుగు కోటు కుట్టుకుంది. బూడిదరంగు రాళ్ల మధ్య ఆ పసుపు కొట్టొచ్చినట్టు కనిపించేది. వీపు తిప్పి నిలబడేది గనక తమ్ముడి సైగలు కనపడవు. అందుకని ఈలలు పెట్టుకున్నారు. ఒక ఈల వేస్తే ఎడమకి అడుగు, రెండు వేస్తే కుడికి, మూడు వేస్తే ఊపిరి బిగబట్టు. ఒక శ్మశానంలో ఈ ఈలలు విని కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. "చచ్చినవాళ్లకి ఈలలేస్తారా, సిగ్గులేదూ" అని ఇద్దర్నీ గేటు దాటించాడు. బస్సెక్కేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

ఊళ్లు తిరిగినవాళ్లకి ఒక సంగతి తెలుసు. శ్మశానం కంటే దిగులు పుట్టించే చోటు ఒకటుంది. ఇంకా తెరవని వినోదాల పార్కు. సమాధుల మధ్య ఎవరో ఒకరు ఆకులూడుస్తూనైనా ఉంటారు. తెల్లారగట్ట పార్కులో మాత్రం చెక్క గుర్రాలు టార్పాలిన్ పట్టాల కింద ముసుగుతన్ని పడుకుంటాయి. రంగులరాట్నం మోటారు మీద పిల్లి కూర్చుని ఉంటుంది. నవ్వడానికి కట్టిన చోట నవ్వే మనిషి లేకపోతే వచ్చే నిశ్శబ్దం వేరు. టేపక్కకి అలాంటి చోట్ల నిలబడటమే ఇష్టం. ఎందుకంటే కెమెరాకి కనపడనిది ఆమెకి కనపడేది. ఆమె వీపు ఎంత మేర అడ్డం వస్తుందో అంత మేర, ఆమె ముందున్నది ఆమె ఒక్కదానికే సొంతం. కదలకుండా నిలబడాలి గనక కుట్టులోని పోగులు చూసినట్టు దాన్నే చూస్తూ ఉండేది. ఏదీ మరిచిపోయేది కాదు.

ఇంటికి తిరిగొచ్చాక పక్క దుకాణంలో కాజాలు కుట్టే ఆవిడ ఏడిపించేది. "ఏటేటా ఇరవై రోజులు మాయమవుతావు. వెళ్లావనడానికి సాక్ష్యమేది టేపక్కా? ఏ చుట్టాలింట్లోనో పడుకుని వస్తున్నావేమో ఎవరికెరుక!"

"పుస్తకం రానీ, చూద్దువుగాని."

పుస్తకం తీస్తానని తమ్ముడు పదేళ్లుగా అంటున్నాడు. "పేరు నాది, వీపు నీది" అనేవాడు. ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు. జీవితమంతా ఒకే సందులో ఇతరుల చంకలూ నడుములూ కొలిచిన మనిషి, తనూ లోకాన్ని చూసిందనడానికి ఆ పుస్తకమే దాఖలా.

చివరికి ఒక ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. పుస్తకం తయారైన మూడు నెలలూ తమ్ముడు తరచూ మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చేవాడు. కవర్లోంచి ఫొటోలు తీసి కత్తిరింపు బల్లమీద పరిచేవాడు.

"అక్కా, ఇక్కడ సరిగ్గా నీ ముందు ఏముంది?"

"అక్కడా? సమాధి అంచున రేకు మగ్గు ఉందిరా. అందులో ఎండిపోయిన పూలు."

"మగ్గు చెవి ఏ పక్క?"

"కుడిపక్క. సగం విరిగింది. ఎందుకురా?"

"రాసుకుంటున్నాలే."

ఫొటో కింద నాలుగు మాటలు రాయడానికి కాబోలనుకుంది. అన్నేళ్లకి తను చూసింది కూడా లెక్కలోకొచ్చిందని మురిసిపోయింది. మెట్లలో మూడోదాని అంచు ఎలా చిట్లిందో, ఇనప రింగు ఏ రాతికి దిగేసి ఉందో, సుద్దముక్కతో బల్లమీద గీసి మరీ చూపించింది. వచ్చినప్పుడల్లా టీ పోసి ఇచ్చింది. ఒకరోజు జెయింట్ వీల్ ఫొటో తీసి అడగబోతుంటే పెళ్లివారు బట్టలకొచ్చారు. "అది తర్వాత చెప్తాలే" అని పంపించేసింది. అతని ఫొటోలన్నిటిలోకీ గొప్పది అదే. ఆకాశాన్నంతా నింపేసిన చక్రం, దాని కింద టిక్కెట్ల గది ముందు చిటికెనవేలంత పసుపు కోటు.

పుస్తకం విడుదల లైబ్రరీ హాల్లో జరిగింది. సందులోంచి ఏడుగురొచ్చారు. టేపక్క ఆ పసుపు కోటుకి ఇస్త్రీ చేసి వేసుకుని వెళ్లింది. ఉపన్యాసాలయ్యాయి. ప్రతులు చేతికొచ్చాయి. కాజాల ఆవిడ వెనక వరసలో కూర్చుని పేజీలు తిప్పడం మొదలెట్టింది.

"ఏదీ, ఎక్కడున్నావు?"

"తిప్పు, వస్తాను."

గడియారస్తంభం వచ్చింది. మెట్లు ఖాళీ. చెక్క గుర్రాలొచ్చాయి. ఎవరూ లేరు. కోట గుమ్మం వచ్చింది. గుమ్మం ఉంది.

"ఇంకా రాలేదే?" అంది కాజాల ఆవిడ. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

తర్వాతి పేజీలో శ్మశానం. టేపక్క తను నిలబడ్డ చోటు చూసింది. అక్కడ సమాధి అంచున రేకు మగ్గుంది. ఎండిన పూలున్నాయి. మగ్గు చెవి కుడిపక్క, సగం విరిగింది.

అప్పుడర్థమైంది. ఆయా చోట్ల పక్కల నుంచి తీసిన వేరే ఫిల్ములన్నీ ముందేసుకుని, ఆమెని తుడిచేసి, ఆ ఖాళీలో ఏ ముక్క ఎక్కడ అతకాలో ఆమెనే అడిగి అతికించాడు. ఎవరి వేలితో వాళ్ల కన్నే పొడిపించడం అంటే ఇదే. పుస్తకం కాజాల ఆవిడ ఒళ్లో పెట్టి లేచింది. వేదిక మీద తమ్ముడు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అటు చూడకుండా నడిచొచ్చేసింది.

మర్నాడు పదింటికి తమ్ముడొచ్చాడు. రోజూలాగే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నిన్న చెప్పకుండా వచ్చేశావేంటక్కా? అందరం కలిసి ఫొటో దిగుదామని వెతికాం."

"దేనికి? దిగాక తుడవడానికా?"

అతను తల దించుకున్నాడు. "సంపాదకురాలు ఒప్పుకోలేదక్కా. అన్నిట్లో ఒకే కోటు, ఒకే వీపు ఉంటే ఇంటి ఆల్బంలా ఉందంది. ఇప్పుడు చూసేవాళ్లకి ఖాళీ చోట్లే కావాలట."

"ఆవిడెవరో నాకు తెలీదు. నువ్వు తెలుసు. చెప్పొచ్చు కదరా."

"చెప్తే ఒప్పుకోవని..."

"ఒప్పుకునేదాన్నిరా. నువ్వడిగితే నేను కాదన్నది ఏదైనా ఉందా? అదే నీకు తెలీదు." ఆమె చేతిలో కత్తెర ఆగిపోయింది. "నన్ను తీసెయ్యడానికి నన్నే అడిగావు. నా చేత టీ పోయించుకుని మరీ అడిగావు."

"నేనేదీ కల్పించలేదక్కా. లేనిది ఒక్కటీ పెట్టలేదు. ఉన్నదే పెట్టాను."

"నేనూ ఉన్నదాన్నేరా."

పక్క దుకాణంలో మిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. కాజాల ఆవిడ చెవులు రెండూ ఇటే ఉన్నాయి. తమ్ముడు స్టూలు బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, దేనికొచ్చాడో దానికే వచ్చాడు. జేబులోంచి జెయింట్ వీల్ ఫొటో తీసి బల్లమీద పెట్టాడు.

"రెండో ముద్రణకి ఇది అట్టమీద వేస్తామంటున్నారు. వేరే ఫిల్ముల్లో ఆ టిక్కెట్ల గది సగమే పడింది. వెళ్లి చూద్దామన్నా పార్కు కూల్చేసి ఇళ్లు కట్టేశారు. చూసింది నువ్వొక్కదానివే. ఇదొక్కటి చెప్పక్కా."

ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్లని లోకం చూసింది గాని, తగలెయ్యడానికి తెప్పనే అగ్గిపుల్ల అడిగినవాణ్ణి చూసి ఉండదు.

ఆమె ఫొటోకేసి చూసింది. అంతా గుర్తుంది. టిక్కెట్ల గది చెక్క తలుపు ఆకుపచ్చది. ఎండకి పెచ్చులూడింది. కిటికీ కింద పలక మీద, "ఇవాళ చక్రం తిరగదు" అని రాసి ఉంది. గడప దగ్గర ఎవరివో తడి బూట్లు ఎండకి పెట్టారు. కిటికీ అద్దంలో తన ముఖం ఉంది. తన భుజం మీదుగా, దూరంగా, కెమెరా నల్లగుడ్డ కింద వంగిన తమ్ముడున్నాడు. మూడు ఈలలు వినబడి ఊపిరి బిగబట్టినప్పుడు అద్దంలో ఇద్దరూ కలిసి కనబడ్డారు.

"గుర్తులేదు" అంది.

"నీకా! పాతికేళ్ల కిందటి మగ్గు చెవి గుర్తున్నదానివి..."

"లేదన్నాగా."

"అయితే ఈ ఫొటో వేసుకోలేనక్కా. ఖాళీలో నా ఇష్టమొచ్చింది పెట్టలేను."

"ఖాళీ ఏముందందులో? నేనున్నాను. ఉన్నదున్నట్టు వేసుకో."

గుర్తులేదన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది ఈ మాటే. ఇక వాడికి వేరే దారి లేదనుకుంది. జీవితంలో తీసిన గొప్ప ఫొటో, వదులుకుంటాడా! తనని ఉంచక తప్పదు. అన్నిట్లో పోయినా, ఆ ఒక్కదాంట్లో, చిటికెనవేలంతైనా తనుంటుంది. తమ్ముడు ఫొటోని చాలాసేపు చూశాడు. ఆమె ఎదురుచూసింది. బల్లమీద బట్ట మడత సరిచేస్తూ ఎదురుచూసింది.

"వాళ్లు ఒప్పుకోరక్కా" అన్నాడు.

"అడిగి చూడు."

అతను అడుగుతానన్లేదు. ఫొటోని మళ్లీ కవర్లో పెట్టాడు. "పోన్లే. ఇది వదిలేస్తాను" అన్నాడు. లేచి, స్టూలు జరిపి, వెళ్లిపోయాడు. మొదటిసారి ఆమెకి తెలియకుండా తీసేశాడు. ఈసారి ఎదురుగా కూర్చుని, ఆలోచించుకుని మరీ తీసేశాడు.

కాజాల ఆవిడ గుమ్మంలోకొచ్చింది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు! నేను వెళ్లి దులిపేసి రానా?"

"వద్దులే. ఆ నీలం కోటుకి కాజాలు అయ్యాయా?"

రెండో ముద్రణ అట్టమీద కూడా ఖాళీ మెట్ల గడియారస్తంభమే వేశారు. పుస్తకానికి మంచి పేరొచ్చింది. మనుషులు లేని చోట్ల మౌనాన్ని పట్టుకున్నాడని పత్రికలు రాశాయి. తమ్ముడు ఇప్పుడు ఒంటరిగానే తిరుగుతున్నాడని, స్టాండుతో పాటు, కొలతకి అడుగులూ అంగుళాలూ గీసిన వెదురుకర్ర ఒకటి మోసుకెళ్తున్నాడని ఎవరో చెప్పారు.

ఆ ఏడు యూనిఫారాల పని అయిపోయింది. చలికోట్ల ఆర్డర్లకి ఇంకా టైముంది. మామూలుగా తాళం ఉండే దుకాణం తెరిచి ఉండటం చూసి, బడి పంతులమ్మ ఒకామె జాకెట్టు సరిచేయించుకోవడానికి లోపలికొచ్చింది.

"ఈసారి ఊళ్లకి వెళ్లలేదా అక్కా?"

టేపక్క మెళ్లోంచి టేపు తీసి ఆమె భుజానికి ఆనించింది.

"ఎప్పుడెళ్లాను గనక" అంది. "చెయ్యి కాస్త పైకెత్తమ్మా."