హిమజ పుస్తకం చదివిన గొర్రెపిల్ల

హిమజ వేసిన తెలుగు పుస్తకాన్ని అందరికంటే ముందు చదివి పూర్తిచేసింది ఒక గొర్రె. అనుమానమున్నవాళ్ళు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌కు వచ్చి ఆ గొర్రెనే అడగొచ్చు. సరే, మరీ అంత గుచ్చి చూడకండి. గొర్రె కాదు, గొర్రెపిల్ల. చదవడం కాదు, నమలడం. అదీ చివరి పేజీలే. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

హిమజ కరీంనగర్ పిల్ల. చదువుకోవడానికి ఇక్కడికి వచ్చి, హెండర్సన్ పేటలో ఒక ప్రింటింగ్ షాపులో పార్ట్‌టైమ్ చేరింది. పిజ్జా కరపత్రాలు, పుట్టినరోజు కార్డులు వేసీ వేసీ కాగితం పిచ్చి పట్టించుకుంది. పెళ్ళిచూపుల్లో కూడా భార్గవ్‌ను చూడకుండా అతని బయోడేటా కాగితాన్ని తడిమి చూసిందంటారు. కాగితం మంచిదే అయివుండాలి, సెటిలయ్యారు. హాబ్సన్‌విల్‌లో ఇల్లు కొన్నాక గరాజ్‌లోంచి కారును వెళ్ళగొట్టి, అక్కడ పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ పెట్టింది.

మొదటి పుస్తకం ‘పుకేకో పెళ్ళికి పోయింది’. నీలం కోటు తొడుక్కున్న పెద్దమనిషిలా ఎర్రముక్కుతో ఇక్కడి రోడ్ల పక్కన తిరుగుతుందే, ఆ పిట్ట కథ.

“మరి నా కారు?” అన్నాడు భార్గవ్, వానలో తడుస్తున్న దాన్ని చూసి.

“ఒక్క పిల్లైనా నిజంగా చదివిందని తెలిస్తే రెండోది వేస్తా. లేకపోతే దుకాణం మూసి నీ గరాజ్ నీకిచ్చేస్తా.”

హిమజ చేసిన పొరపాటల్లా మంచిరోజు చూడటమే. దసరాల్లో సరస్వతి పూజనాడు, మౌంట్ రాస్కిల్ హాల్లో పుస్తకం విడుదల చేసింది. మధ్యాహ్నానికి బల్ల ఖాళీ. కొన్నవాళ్ళు కొన్నట్టే తీసుకెళ్ళి అమ్మవారి ముందు పెట్టారు, పసుపు కుంకుమ అద్దారు, కళ్ళకద్దుకుని ఇళ్ళకు పట్టుకెళ్ళారు.

కొన్నాళ్ళకు, ఆరోజు పుస్తకం కొన్న అనంతలక్ష్మి కనిపిస్తే హిమజ ఆశగా అడిగింది. “ఆంటీ, పిల్లలకు పుస్తకం నచ్చిందా?”

“ఎంత ముచ్చటగా ఉందో! దేవుడి అరలో పెట్టాం.”

“చదివారా?”

“బొట్టు పెట్టిన పుస్తకాన్ని ఎంగిలి చేతులకిస్తామా తల్లీ? పైన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.”

ఎవరిని కదిపినా ఇదే మాట. పుకేకో ప్రతి ఇంట్లోనూ పూజలందుకుంటోంది కానీ ఎక్కడా పెళ్ళికి బయల్దేరలేదు. భార్గవ్ టేపు తెచ్చి గరాజ్ కొలుచుకున్నాడు.

హిమజ దుకాణం మూసేద్దామని అట్టపెట్టెలు కట్టేస్తున్న రోజున తారాబాయి వచ్చింది, మనవరాలు ఇంద్రజను వెంటబెట్టుకుని. ఇంద్రజ బడిలో పెట్ డే ఉంది. పిల్లలు తాము పెంచిన జంతువులను ఆ రోజు బడికి తీసుకెళ్తారు. అందుకని ఇంద్రజ ఒక తల్లిలేని గొర్రెపిల్లకు బటన్ అని పేరుపెట్టి సీసాతో పాలు పడుతోంది. దసరానాడు దాని కడుపు నింపి హాలుకు వచ్చి, బల్ల మీది చివరి పుస్తకం కొనేసరికి పూజ అయిపోయింది. అలా వాళ్ళ పుస్తకం ఒక్కటీ బొట్టు తప్పించుకుంది.

“తప్పయింది బిడ్డా,” అని తారాబాయి చెంపలేసుకుంది. “సరస్వతిని గొర్రె నోట్ల పెట్టినం.”

కొంగులోంచి పుస్తకం తీసింది. అట్ట నిండా టమాటా సాస్. మూలలు నలిగిపోయాయి. చివరి పేజీలు లేనే లేవు.

“ఎట్లయింది ఆంటీ?” హిమజ పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది.

“రోజుకొక్క పేజీ చదివిస్తున్న దీనితోని. గొర్రెకు పాలు పట్టుకుంట, అక్షరాల మీద వేలు పెట్టి చదువుతది. నిన్న పెళ్ళి మొదలైంది. పేజీ తిప్పేలోపే ఆ దొంగమొఖంది గుంజుకున్నది.”

ఇంద్రజ ఇక ఆగలేకపోయింది. “ఆంటీ, పుకేకోకి పెళ్ళిలో ఫుడ్ పెట్టిండ్రా, లేదా? ప్లీజ్! బటన్ ఎండింగ్ తినేసింది!”

హిమజ ఆ పిల్లను ఎత్తుకుని గిర్రున తిప్పింది. కొత్త పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, నమిలినదాన్ని తాను లాక్కుంది. లోపలికి తిరిగి కేకేసింది: “భార్గవ్! కారు వానలోనే ఉండనీ!”

ఇప్పుడు రెండో పుస్తకం అచ్చులో ఉంది. ఈసారి మంచిరోజు చూడలేదు. ఇకపోతే, పుస్తకాలకు పూజలేమిటని ఊరందరినీ దులిపిన ఈ హిమజే, ఆ గొర్రె నమిలినదానికి పసుపు కుంకుమ పెట్టి దేవుడి అరలో దాచుకుంది.

ఇదంతా నేను రాసి హిమజకే చదివి వినిపిస్తే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఒక్క ముక్క నిజం లేదు తాతయ్యా. గొర్రె లేదు, సాస్ లేదు, నేనెవరి బయోడేటా తడమలేదు. ఆ అరలో ఉన్నది వేరే పుస్తకం.”