వృత్తి: గృహిణి

మనుషులు మరచిపోతారు, కార్డు మరవదు. 1970ల నడుమ ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో క్యాన్సర్ రోగుల వివరాలు నమోదు చేసే గుమస్తాగా ఉన్నప్పుడు ఈ మాట గర్వంగా చెప్పుకునేవాణ్ణి. రోగికొక కార్డు: పేరు, వయసు, గల్లీ, వృత్తి, రోగం సోకిన అవయవం. అవయవాన్ని బట్టి సొరుగులు. నోటి సొరుగుకూ గొంతు సొరుగుకూ పొత్తు లేదు.

కోస్తా నుంచి వచ్చిన కొత్త డాక్టరు ఆ పద్ధతి మార్చాడు. "రోగాన్ని ఒంట్లోనే వెతికితే లాభం లేదండీ. పని, ఇల్లు, గాలి, తిండి అన్నీ కలిపి చూడాలి" అంటూ గోడకు నగరపటం తగిలించాడు. ప్రతి కార్డుకూ ఒక గుండుసూది, ప్రతి వృత్తికీ ఒక రంగు. బీడీ పనికి ఎరుపు, గృహిణులకు తెలుపు. ఎరుపు ఒకచోట గుంపుగా కనిపిస్తే, ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఏటా నోటి పరీక్షలు పెట్టించమని పైకి రాస్తానన్నాడు.

మాదన్నపేటలో మా గల్లీ నిండా బీడీలు చుట్టేవాళ్లే. కానీ కౌంటరు దగ్గర భర్తలే జవాబు చెప్పేవారు. భార్య సంపాదిస్తుందనడం వాళ్లకు నామోషీ.

"ఏం పని సార్, ఇంట్లనే ఉంటది."

పక్కన నిలబడ్డ ఆమె వేళ్ల మీద తంబాకు మరక కనిపిస్తూనే ఉండేది. చెప్పిందే రాయాలన్నది నిబంధన. రాసేవాణ్ణి.

ఆ వేసవిలో నోట్లో పుండుతో మా అక్కే వచ్చింది. భర్త లేడు గనక తానే చెప్పింది.

"బీడీలు చుడ్తనని రాయి తమ్మీ. ఏంది, గట్ల చూస్తవు? నీ చదువు గా బీడీలతోనే గదా అయింది. పెద్ద సారువైనవని సిగ్గా?"

పక్క బల్ల గుమస్తా తలెత్తి చూశాడు. నేను "గృహిణి" అని రాశాను. నిబంధన తప్పింది ఆ ఒక్కసారే. అక్కకు అక్షరాలు రావు.

"మంచిగ రాసినవా?" అంది. తలూపాను.

సూదులన్నీ గుచ్చాక మాదన్నపేట మీద వేలు పెట్టే సందు లేదు. అన్నీ తెల్లవే. ఒక్క ఎర్ర సూది ఉన్నా డాక్టరు దాన్ని పట్టుకుని వదిలేవాడు కాదు.

"ఇంటిపట్టున కూర్చున్నవాళ్లకు ఇంత రోగమేమిటండీ? కార్డులు సరిగ్గానే నింపారా?"

"ఒక్క గడి గూడ ఖాళీ లేదు సార్."

పనికీ రోగానికీ సంబంధం కనిపించలేదన్న నివేదికను టైపు చేసింది నేనే. నోటి పరీక్షల మాట మళ్లీ రాలేదు.

అక్క మరుసటి ఏడు పోయింది. మరణ కార్డులోని వివరాలు మొదటి కార్డుతో సరిపోవాలి. సరిపోయాయి.